బోర్లించిన బకెట్

బకెట్ దాని చోట లేదు. షెడ్డు తలుపు వెనక, గడ్డి కోసే కత్తెరకీ ఎండిపోయిన పెయింటు డబ్బాలకీ మధ్య, మూడు చలికాలాలుగా ఉండే చోట లేదు. చెయ్యి అలవాటుగా చీకట్లోకి వెళ్ళి, గాలిని పట్టుకుని, వట్టిదే తిరిగొచ్చింది. ఎక్కడ పెట్టి చచ్చాను అని తనని తాను తిట్టుకుంటూ నుదుటికి కట్టుకున్న ఎర్ర లైటుతో నేలంతా వెతికింది. అంతలోనే, అయినా ఇవాళ బకెట్ ఎందుకు, దాన్ని చూసి లైటు ఆర్పే పక్కింటి బాబాయ్ గారు ఆసుపత్రిలో పడి ఉన్నారు కదా అని గుర్తొచ్చి, ఛీ నా అలవాటు పాడుగాను అనుకుంటూ బయటికొచ్చి తలెత్తింది. గోడ మీద ఉంది. నీలం బకెట్, అడుగు పైకి, మూతి కిందికి, రెండిళ్ళ మధ్య గోడ మీద, ఎలా బోర్లించిందో అలాగే. ఎప్పుడు పెట్టింది దాన్ని? ఇవాళ కాదు, ఇప్పుడే కదా వెతికింది. నిన్న తుంపర. మొన్న మబ్బు. అటు మొన్న కూడా మబ్బే. గురువారం. గురువారం సాయంత్రం పెట్టింది. ఇవాళ సోమవారం. వెనకాల టెలిస్కోపుకి తగిలించిన కెమెరా టక్ మని ఈ రాత్రికి మొదటి ఫోటో మొదలుపెట్టింది. ఆమె మాత్రం షెడ్డు ముందు, తడి గడ్డిలో, కాలు తీసి కాలు వెయ్యలేకపోయింది.

ఆ బకెట్‌కి ఒక అర్థం ఉంది, అది ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. గోడ మీద బకెట్ బోర్లించి ఉంటే, పక్కింటి అమ్మాయి ఇవాళ ఆకాశాన్ని ఫోటో తీస్తోంది, వెనక లైటు ఆర్పాలి. లేకపోతే వేసుకోవచ్చు. అంతే ఒప్పందం. ఈ పద్ధతి పెట్టింది కూడా ఆయనే. మొదట్లో ఆమె ఫోన్ చేసేది. రాత్రిపూట ఫోను మోగితే ఎవరికేం ముంచుకొచ్చిందో అని ఆయన గుండె దడదడలాడేది. గోడ మీంచి కేకేస్తే చెవికి అందదు. "అరుపులూ వద్దు, ఫోన్లూ వద్దు తల్లీ. అడుగు పగిలిన బకెట్ ఒకటుందిగా నీ దగ్గర, అది బోర్లించు. చీకటి పడేముందు వంటింటి కిటికీలోంచి చూస్తా. ఉంటే ఆర్పుతా, లేకపోతే వేస్తా" అన్నారు. నలభై ఏళ్ళు చేతి గడియారాలు బాగుచేసిన మనిషి, ఆయన దగ్గర సుమారుగా అన్న మాటే లేదు. ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. పెట్టడం నీ పని, దించడం నీ పని, చూడ్డం నా పని అన్నారు. దించడం నీ పని. ఆ మాట ఇప్పుడు, ఈ చలిలో, ఎవరో చెవిలో అన్నట్టు వినపడింది.

ఆ లైటు అంతకుముందు ఒక్క రాత్రి కూడా ఆరేది కాదు. ఆయన భార్య, పిన్ని గారు, బతికుండగా పెట్టించారు. వెనక గుమ్మానికి మూడు మెట్లు, మూడింటికీ ఏడాదంతా పచ్చటి పాచి, ఎంత గీకినా నెల తిరక్కుండా మళ్ళీ పట్టేస్తుంది. చీకట్లో దిగకండి, మీకసలే నడక తొందర అని ఆవిడ పోరి పోరి పెట్టించిన బల్బు. ఆవిడ పోయాక కూడా ఎనిమిదేళ్ళు రాత్రంతా వెలిగింది, ఈమె వెళ్ళి అడిగేదాకా. వట్టి చేతులతో వెళ్ళలేదు, తను తియ్యాలనుకునే గుర్రం ఆకారాన్ని వేరేవాళ్ళు తీసిన ఫోటో ఒకటి అచ్చు వేయించి పట్టుకెళ్ళింది. ఆయన కంటికి గడియారాల భూతద్దం తగిలించుకుని చాలాసేపు చూశారు. "ఇదేనా నీ గుర్రం?" "తల మాత్రమే బాబాయ్ గారూ. గొల్లకావడి చుక్కలుంటాయి చూడండి, మూడు వరసగా, వాటిలో కింది చుక్క పక్కన. వెనక ఎర్రగా వెలిగేది నీహారిక, దానికి అడ్డంగా నల్లటి దుమ్ము ఆ ఆకారంలో నిలబడింది." "ఎంత దూరం?" "ఈ వెలుగు బయల్దేరి వెయ్యేళ్ళు దాటింది." ఆయన భూతద్దం తీసి నవ్వారు. "వెయ్యేళ్ళు నడిచొచ్చి, సరిగ్గా నా బల్బు దగ్గరకొచ్చి చచ్చిపోతోందా పాపం" అని, ఆ రాత్రే ఆర్పేశారు. తను ఎగిరి గంతేసింది. మెట్ల గురించి ఎవరికీ గుర్తు రాలేదు. తనకి గుర్తు రావాలి కదా, అడిగింది తను కదా.

ఇంతకీ అరగంట కిందట ఏమంది తను? క్లినిక్ నుంచి వచ్చి ఇంకా చెప్పులు విప్పలేదు, గుమ్మంలో బాబాయ్ గారి కూతురు నిలబడి ఉంది, చేతిలో తాళాల గుత్తి. ఆవిడ రెండు గంటల దూరంలో ఇంకో ఊళ్ళో లెక్కల టీచరు. "పొద్దున నాన్న పడిపోయారమ్మా. తుంటి విరిగింది. చెత్త బండి అతను చూసి అంబులెన్సుకి ఫోన్ చేశాడు." అయ్యో అయ్యో, లోపలికి రండి అక్కా అంది తను. ఆవిడ రాలేదు. నిలబడే, పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు ఒక్కొక్కటే ఎత్తి చూపించింది. "తెల్లారుజామున లైటు వెయ్యకుండా మెట్లు దిగారు. స్విచ్చి గుమ్మం పక్కనే ఉంది. బల్బు మాడిందేమో అని వేసి చూశా, నిక్షేపంలా వెలుగుతోంది. చెత్త సంచి ముడేసి గుమ్మంలోనే పెట్టారు. చెత్త డబ్బా అటువైపు కదా, ఆయన పడింది ఇటు, మీ గోడ వైపు. ఇటెందుకు వచ్చినట్టు? ఆసుపత్రిలో పొద్దుట్నుంచీ పొంతన లేని మాటలు. నువ్వు రోజూ చూసేదానివి, నిజం చెప్పు, ఈమధ్య ఏమైనా మతిమరుపు..."

ఆవిడ కళ్ళు చూస్తే జాలేసింది. లేదంటే, మరి ఎందుకు పడ్డారు అన్న ప్రశ్న ఆవిడ నెత్తి మీదే ఉండిపోతుంది. అవునంటే ఏదో ఒక జవాబు దొరికి మనిషి కుదుటపడుతుంది. ఓదార్పుకి అన్న మాటే అది, నోటి చివర్నుంచి జారిన మాట. "వయసు కదక్కా. ఈమధ్య కాస్త మర్చిపోతున్నారు. మొన్న, జలుబు తగ్గిందా అని ఒకే పూట రెండుసార్లు అడిగారు." ఆవిడ తల ఊపింది, ఊహించినదే అన్నట్టు. "వృద్ధాశ్రమంలో ఒక గది ఖాళీ అయిందట. రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేస్తారు, అప్పుడు ఏదో ఒకటి చెప్పకపోతే ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. నాకు నమ్మకం కుదరక ఇంతసేపు ఆగాను. నువ్వు కూడా చెప్పావు, చాలు. రేపు ఆపరేషన్, తర్వాత అటునుంచి అటే తీసుకెళ్తా. ఈ ఇల్లు తాళం వేసేస్తా." అని బట్టలు సర్దడానికి పక్కింట్లోకి వెళ్ళిపోయింది. నువ్వు కూడా చెప్పావు. చాలు. రెండుసార్లు అడిగారట! శనివారం పొద్దున మొదటిసారి ఆయన అడిగినప్పుడు తను ఫోన్లో క్లినిక్ వాళ్ళతో మాట్లాడుతూ పలకలేదు. పలకని మనిషిని ఎవరైనా రెండోసారి అడుగుతారు, తనైనా అడుగుతుంది, చిన్నపిల్లలైనా అడుగుతారు. అది మతిమరుపు ఎలా అయిందే, ఒసే, నీ నోట్లో దుమ్ము కొట్ట.

టక్. రెండో ఫోటో. ఐదేసి నిమిషాలకి ఒకటి, గంటకి పన్నెండు. ఇలాంటివి వందలు తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చితే, కంటికి ఆనని వెలుగు కొంచెం కొంచెంగా పైకి తేలుతుంది. ఈ పేటలో ఆకాశానికి నలుపు ఎక్కడిది, పెద్ద దుకాణం బోర్డులూ వీధి దీపాలూ కలిసి పలచటి టీ రంగు పులిమేస్తాయి, దానికి తోడు ఈ చెమ్మ. ల్యాప్‌టాప్ మీద కప్పిన ఎర్ర కాగితం ఎత్తి, మొదటి ఫోటో తెరిచి చూసింది. చూడకుండా ఉండలేకపోయింది. ఎర్రటి తెర, దాని ముందు నల్లగా వంగిన మెడ, చెవి, ముట్టె. ఒక్క ఫోటోలోనే! మూడు చలికాలాల్లో ముప్ఫై ఒక్క గంటలు పోగేస్తే గాని రాని మెడ ఒక్క ఐదు నిమిషాల్లో వచ్చేసింది. గుండె సంతోషంతో ఎగిరింది, నిజంగా ఎగిరింది, ఆ అర క్షణాన్ని ఆమె తర్వాత ఎన్నిసార్లు తలుచుకుందో. వెంటనే తెలిసింది ఇవాళ ఇంత మంచి చీకటి ఎందుకుందో. పక్కింటి వెనక గదుల్లో ఎవరూ లేరు కాబట్టి. ఆయన టీవీ లేదు, వంటింటి లైటు లేదు, రాత్రి ఏడింటికి మందులు వేసుకోవడానికి తెరిచే ఫ్రిజ్ వెలుతురు కూడా లేదు. ఎర్ర కాగితం దబుక్కున కప్పేసింది, ఎవరో చూస్తారన్నట్టు.

అంత వార్త విన్నాక కూడా టెలిస్కోపు బయట పెట్టిందంటే తనసలు మనిషేనా? మనసు బాగోకపోతే కొందరు గిన్నెలు తోముతారు, తను టెలిస్కోపు బయట పెడుతుంది, చేతులకి పని కావాలి అంతే. నాలుగు రోజుల మబ్బు సాయంత్రం తేటపడింది, చేతులు వాటంతటవే మూడు కాళ్ళ స్టాండు విప్పాయి. భర్త చూస్తే ఈపాటికి నవ్వేవాడు. అతను అచ్చు యంత్రం మీద రాత్రి డ్యూటీ చేస్తాడు, ఆ టెలిస్కోపుని అల్లుడు గారు అంటాడు. అల్లుడు గారు వచ్చారా, అల్లుడు గారికి చలేస్తోందేమో దుప్పటి కప్పావా, ఈ మామగారు తిన్నారో లేదో ఒక్కరు అడగరు గాని అల్లుడు గారికి మర్యాదలు చూడు అని. గురువారం రాత్రి అల్లుడు గారికి మర్యాదలు చేస్తూనే ఉంది. తొమ్మిదింటికి అద్దం మీద చెమ్మ పట్టింది. పిన్ని గారి హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టింది. "ఆవిడ జుట్టు ఆరబెట్టుకునేది దీంతో, ఎండలో కూర్చునే ఓపిక లేక. నీ అద్దానికి పనికొస్తే వాడుకో" అని ఆయనే గోడ మీంచి అందించారు, తీగ చక్కగా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి. పదింటికి పొగమంచు దిగింది, ఒక్కసారిగా, ఎదుటి ఇల్లు కూడా మాయమైపోయింది. తుమ్ములు మొదలయ్యాయి. కెమెరా ముందు, టెలిస్కోపు తర్వాత, బ్యాటరీ ఆ తర్వాత, హెయిర్ డ్రయ్యర్ ఆఖర్న లోపలికి చేరవేసింది. విలువైనవన్నీ పేరుపేరునా లోపలికి చేరవేసింది. పగిలిన బకెట్ ఒక్కటీ ఎవరికి గుర్తుంటుంది?

మరి శుక్రవారం? శుక్రవారం సాయంత్రం ఆయన వంటింటి కిటికీలోంచి చూసి ఉంటారు. ఉంది. ఆర్పారు. పైకి చూస్తే మబ్బు, చుక్క లేదు, అయినా ఆర్పారు. శనివారం సాయంత్రం మళ్ళీ చూశారు, ఉంది, ఆర్పారు. ఆదివారం తుంపర పడుతోంది, ఎవరైనా తుంపరలో ఫోటోలు తీస్తారా, ఆ మాత్రం అనుకోలేదా ఆయన, అనుకున్నారేమో, అయినా మాట మాటే, ఉంటే ఆర్పుతా అన్నారు, ఆర్పారు. తను గోడకి ఇవతల జలుబు మాత్ర వేసుకుని, ముక్కుకి మందు రాసుకుని, దుప్పటి ముసుగెట్టి పడుకుంది. ఆమెకి ఇప్పుడు ఇంకోటి గుర్తొచ్చింది. గుర్తొచ్చి, అక్కడే ఉన్న మడత కుర్చీ అంచు పట్టుకుంది. తెల్లారుజామున నిద్రలో దబ్ మని ఒక చప్పుడు. పిల్లి ఏదో పడేసింది అనుకుంది. అనుకుని అటు ఒత్తిగిల్లింది, మాత్ర మత్తులో అంబులెన్సు వచ్చి వెళ్ళిందీ తెలియలేదు. గంటసేపు. నాలుగున్నరకి పడ్డారనుకున్నా, చెత్త బండి వచ్చేది ఐదున్నరకి, గంటసేపు ఆ మనిషి పాచి మెట్ల పక్కన, తుంపరలో, పదడుగుల దూరంలో. పిలిచారా? పిలిచే ఉంటారు. అరుపులు వద్దు తల్లీ అన్న మనిషి, పిలిచి ఉండకపోవచ్చు కూడా. ఏది నిజమైనా తట్టుకోవడం తన వల్ల కాదు.

ఆమె పని ఎక్స్‌రేలు తీయడం. పద్దెనిమిదేళ్ళుగా అదే. గట్టిగా ఊపిరి తీసుకోండి, బిగబట్టండి, కదలకండి, ఆఁ, వదలండి. రోజుకి నలభై మందికి నలభై సార్లు. విరిగిన తుంటి ఎలా ఉంటుందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు, ఎనభై ఏళ్ళ మనిషికి తుంటి విరిగితే తర్వాత ఏమవుతుందో కూడా ఎవరూ చెప్పక్కర్లేదు. కొందరు లేస్తారు. కర్ర పట్టుకుని, తిట్టుకుంటూ, తమ ఇంట్లో తమ గోడలు పట్టుకుని లేస్తారు. లేవనివాళ్ళు ఎక్కువగా ఎవరంటే, ఇక నీకు ఏమీ తెలియదులే అని పక్కవాళ్ళు తేల్చేసినవాళ్ళు. మతిమరుపు అని కాగితంలో ఒకసారి పడిందంటే, ఆ మనిషి ఏం మాట్లాడినా దాని కిందకే వెళ్తుంది. కాలు నొప్పి అన్నా, ఆకలి అన్నా, ఇంటికి తీసుకెళ్ళండి అన్నా. ఆ కాగితానికి సాక్షి సంతకం పెట్టింది తనే. చెప్పులు విప్పకుండానే పెట్టింది.

టక్. ఇది నాలుగోదా, ఐదోదా? పక్కింటి పై గదిలో లైటు వెలిగింది, కిటికీ తెర మీద కూతురి నీడ వంగి లేస్తోంది, బీరువా ముందు కాబోలు. ఆయన చొక్కాలన్నీ ఒకే రకం, జేబు మీద భూతద్దం కొక్కెం తగిలించుకున్న చోట చిన్న చిరుగు. వెళ్ళు. ఇప్పుడే వెళ్ళి చెప్పు. నాలుగు అడుగులు, ఒక గోడ. ఏమని చెప్పడం? అక్కా, మీ నాన్నకి మతిమరుపు లేదు, నాకుంది. ఆకాశంలో గుర్రం తలకాయ కోసం మీ అమ్మ పెట్టించిన లైటు నేను ఆర్పించాను. ఆర్పించి, ముసుగుతన్ని పడుకున్నాను. ఎవరైనా ఇది చెప్పగలరా ఒక మనిషి మొహం చూసి? ఆవిడ మళ్ళీ తన మొహం చూస్తుందా? భర్తకి ఫోన్ చేస్తే? యంత్రాల హోరులో వినపడదు, వినపడినా ఏమంటాడు, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమెందుకు, ముందు వెళ్ళి చెప్పు అంటాడు. అతనిది తేలిక, చెప్పాల్సింది అతను కాదుగా.

అప్పుడొక పాడు ఆలోచన వచ్చింది, చాలా మెల్లగా, మర్యాదగా వచ్చింది. ఇద్దరికే తెలుసు కదా. ఒకరు నోరు విప్పరు, బాబాయ్ గారు చచ్చినా నీ పేరు చెప్పరు. ఇక మిగిలింది నువ్వు. బకెట్ తీసి లోపల పెట్టేస్తే అయిపోయింది. ఆమె గోడ దగ్గరికి వెళ్ళింది. బకెట్ ఎత్తితే రానన్నట్టు గోడకి అతుక్కుని ఉంది. లాగితే చిన్న చప్పుడుతో ఊడొచ్చింది. ఇటుకల మీద గుండ్రంగా పొడి మచ్చ, చుట్టూ నాలుగు రోజుల తడి. ఆ గుండ్రం మధ్యలో ఒక నత్త ముడుచుకుని కూర్చుంది. దానికి కూడా ఇల్లు తనే ఇచ్చింది నాలుగు రోజులు. బకెట్ పట్టుకుని షెడ్డులోకి వెళ్ళి, తలుపు వెనక, కత్తెరకీ డబ్బాలకీ మధ్య పెట్టి, తలుపు మూసి, తేలు కుట్టిన దొంగలా వచ్చి కుర్చీలో కూర్చుంది. టక్. టక్. చేతులకి పాచి వాసన. గోడ మీద ఆ పొడి మచ్చ ఎర్ర లైటుకి స్పష్టంగా కనబడుతోంది. తుంపర పడితే పోతుంది, పడదేం, ఇన్నాళ్ళు పడి పడి ఇవాళే చచ్చినట్టు తేటపడింది ఆకాశం. పైన గొల్లకావడి నిక్కచ్చిగా వెలుగుతోంది. మూడు చలికాలాలు ఆ మూడు చుక్కల కోసం మబ్బుల్ని తిట్టింది, దుకాణం బోర్డుని తిట్టింది, ఇవాళ మొదటిసారి ఆ చుక్కల్ని తిట్టింది. వాటికేం పట్టింది, వెయ్యేళ్ళ నాడు బయల్దేరిన వెలుగు అది, కింద ఎవరి మెట్లు ఎలా ఉన్నాయో దానికేం తెలుసు.

ఫోను చూసుకుంది. ఏడూ నలభై ఎనిమిది. పై గది లైటు ఆరింది. ఇంటి లోపలి మెట్ల మీది లైటు వెలిగింది. సంచి దించుతున్న చప్పుడు, ఒక్కొక్క మెట్టూ. వంటింటి లైటు వెలిగింది. ఆ వెలుతురు కిటికీలోంచి వచ్చి గోడ మీద పడింది, సరిగ్గా ఆ పొడి మచ్చ మీద, చీకటి పడేముందు ఆయన నిలబడి చూసేది ఆ కిటికీలోంచే. కూతురు గ్లాసులో నీళ్ళు పట్టుకుని తాగుతోంది, తాగుతూ ఫోను బల్ల మీద పెట్టి దాని వంకే చూస్తోంది. ఆవిడ కూడా ఒక్కతే. తండ్రికి మతి పోయిందని నమ్మి, ఆ నమ్మకాన్ని మింగలేక నీళ్ళు తాగుతోంది. జాలిపడి అబద్ధం చెప్పిందే తను, ఆ జాలి చేసిన పని ఇదీ. ఆమె లేచింది. ఇది ధైర్యం అనడానికి లేదు, ఇంకొక్క టక్ వినడం తన వల్ల కాదనిపించింది. షెడ్డు తలుపు లాగి, బకెట్ తీసి, రెండు చేతుల్తో పొట్టకి ఆనించి పట్టుకుని గోడ దగ్గర నిలబడింది.

"అక్కా!" అని పిలిచింది. "అక్కా, ఒకసారి వెనక్కి రండి!"

వెనక తలుపు తెరుచుకుంది. చెయ్యి గుమ్మం పక్కకి వెళ్ళింది, పిన్ని గారి లైటు భళ్ళున వెలిగింది. మూడు మెట్లు, పచ్చటి పాచి, మధ్య మెట్టు మీద పాచి లేచిపోయి పొడుగ్గా జారిన గీత. ఆమె కళ్ళు ఆ గీత మీద నుంచి లేవలేదు. వెనకాల కెమెరా ఆ వెలుతురంతా తాగుతోంది.

"చూసుకుని దిగక్కా. మీ నాన్నగారికి మతిమరుపు లేదు. నేను చెప్పింది అబద్ధం. రెండుసార్లు అడిగింది నేను పలక్కపోతే అడిగారు. లైటు ఆర్పింది నా కోసం. ఈ బకెట్ గోడ మీద బోర్లించి ఉంటే ఆర్పుతారు, తీసేస్తే వేస్తారు, అది మా ఇద్దరి ఒప్పందం. గురువారం పెట్టి దించడం మర్చిపోయాను. ఇందాకే చూసుకున్నా. చూసి కూడా ఇంతసేపు దాచాను. తప్పంతా నాదక్కా."

కూతురు చూస్తున్నది ఈమె మొహం వంక కాదు, బకెట్ వంక. చూస్తూ చూస్తూ పై మెట్టు మీద కూలబడింది.

"బకెట్" అంది. "పొద్దుట్నుంచీ అదే. బకెట్ దించిందా, బకెట్ దించిందా కనుక్కో అని. ఏ బకెట్ నాన్నా అంటే, గోడ మీది బకెట్ అంటారు. గోడ మీద బకెట్ ఏమిటి? నేనే డాక్టరుతో చెప్పాను, చూడండి సార్, మతి స్థిమితంగా లేదు అని. నేనే చెప్పాను. ఆయన రాసుకున్నాడు." ఆవిడ గొంతు ఒక్కసారి లేచింది. "నువ్వు నా ఎదురుగా నిలబడి, మా నాన్నకి... నీ కోసం దీపం ఆర్పుకున్న మనిషికి..."

"అనండక్కా. ఎంతైనా అనండి."

"నేను అనేదేంటి." ఆవిడ ఫోను తీసింది. రెండుసార్లు తప్పు నంబరు నొక్కింది. వార్డులో ఎవరినో బతిమాలింది, ఒక్క నిమిషం ఇవ్వండి, ఆయన చెవి దగ్గర పెట్టండి అని. తర్వాత మెట్లు దిగొచ్చి, ఫోను స్పీకరులో పెట్టి, గోడ మీద ఆ పొడి మచ్చలో, నత్త పక్కన పెట్టింది. "నువ్వే చెప్పు" అంది.

ఫోన్లో ముందు ఊపిరి వినపడింది. ఆ వెనక ఎక్కడో పళ్ళేల చప్పుడు.

"బాబాయ్ గారూ, నేను."

"నువ్వా తల్లీ." గొంతు సన్నగా, మందు మత్తుతో సాగుతోంది గాని, మాట మాటా విడిగా పెట్టే పాత పద్ధతి అలాగే ఉంది. "బకెట్ దించావా?"

"దించేశాను బాబాయ్ గారూ."

"హమ్మయ్య. మరి గుర్రం దొరికిందా? మూడు రాత్రులు మబ్బులో కూడా వదల్లేదు నువ్వు. నీ కెమెరాకి మబ్బు అడ్డం కాదు కాబోలు అనుకున్నా. నాకేం తెలుసు, కొత్త కొత్తవి వస్తున్నాయి కదా."

ఆమెకి గోడ పట్టుకోక తప్పలేదు. "తియ్యలేదు బాబాయ్ గారూ. ఆ మూడు రాత్రులూ నేను నిద్రపోయాను. దించడం మర్చిపోయాను."

ఫోను గుర్రుమంటూ వణికింది, ఇంకో ఫోను వస్తోంది, తెర మీద వృద్ధాశ్రమం నంబరు. కూతురు వేలు పెట్టి దాన్ని తోసేసింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ తోసేసింది.

"అదా సంగతి" అన్నారు ఆయన చివరికి. కోపం లేదు ఆ గొంతులో, ఆగిన గడియారంలో లోపం దొరికినప్పటి నెమ్మదే ఉంది. "నాకూ అనుమానం వచ్చింది. పొద్దున్నే చెత్త పెట్టొద్దామని లేచాను. కిటికీలోంచి చూస్తే చీకటి, బకెట్ ఉందో లేదో ఆనలేదు. లైటు వేసి చూద్దామా అంటే, ఒకవేళ ఉంటే నీ ఫోటో పాడైపోతుంది. అందుకని సంచి అక్కడే పెట్టి, గోడ దాకా వెళ్ళి చేత్తో తడిమి చూద్దామని దిగానమ్మా. ఇంకొక్క అడుగు వేస్తే అందేది."

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఈమె రెండు చేతుల్లోనూ బకెట్ అలాగే ఉంది. వెనకాల తడి గడ్డిలో కెమెరా టక్ మని ఇంకో ఫోటో మొదలుపెట్టింది. మెట్ల మీద లైటు వెలుగుతూనే ఉంది, ఇద్దరిలో ఎవరూ దాన్ని ఆర్పలేదు.